అమ్రాబాద్ ఆవులకు ‘తూర్పు’ అన్న పేరు ఎలా వచ్చింది?

[దృశ్యం: ఎర్రమచ్చల తెల్లావుల మంద రాళ్ల వాగు దాటుతోంది]

పాలమూరు మైదానంలోని రైతు ‘తూర్పు ఎడ్లు కావాలి’ అన్నాడంటే, అమ్రాబాద్ గుట్టల మీద పెరిగిన ఎడ్లను అడుగుతున్నాడని అర్థం. ఒంటి మీది మచ్చలను పొడలంటారు గనుక ఈ పశుజాతి పొడ తూర్పు అయింది. గుట్ట మీద ఉండేవారికి తమ ఊరు తూర్పు కాదు కదా! పడమట పొలం దున్నే కొనుగోలుదారు తన గట్టు మీద నిలబడి పెట్టిన పేరది.

[దృశ్యం: పటం]

ఈ పీఠభూమి నేటి నాగర్‌కర్నూల్ జిల్లాలో, నల్లమల ఉత్తరపు అంచున ఉంది. 2016 అక్టోబరు వరకు ఇది మహబూబ్‌నగర్ జిల్లాలో భాగం. దక్షిణాన కృష్ణానది లోతైన లోయలో పారుతుంది, ఉత్తరాన దుందుభి, అంటే డిండి వాగు ఉంది. అడుగున గ్రానైటు, దాని మీద శ్రీశైలం క్వార్ట్‌జైట్ అనే గట్టి రాతిపొర పరచుకొని ఉండటం వల్ల వాననీరు ఇంకేది తక్కువ, జారిపోయేది ఎక్కువ. వానాకాలంలో మోకాలెత్తు గడ్డి లేచే ఈ నేల మీద ఎండలు ముదిరేసరికి కుంటలు చాలావరకు ఎండిపోతాయి. అప్పుడు కాపరులు మందలను నీళ్లు దొరికే లోయల వైపు తోలుకుపోతారు. రాళ్ల మీద అంత దూరం నడిచి బతికిన పశువుకే సన్నని, గట్టి కాళ్లు, అరగని గిట్టలు మిగిలాయి. ఇది పాలకోసం పెంచే జాతి కాదు, దుక్కి ఎడ్ల జాతి.

[దృశ్యం: బోదగడ్డి కప్పిన గుడిసెలు]

ఇక్కడి చెంచు గూడేలను పెంటలంటారు: అప్పాపూర్ పెంట, ఫర్హాబాద్ పెంట. మామూలు తెలుగులో పెంట అంటే పేడకుప్ప. ఆ మాటలో పశువుల వాసన ఉందని నాకు అనిపిస్తుంది. లంబాడీల కథ వేరు. ఒకప్పుడు ఎడ్ల మీద ఉప్పు, ధాన్యం మోస్తూ సైన్యాల వెంట దేశం తిరిగిన వారు, రైళ్లు వచ్చి ఆ బేరం పడిపోయాక తండాలలో స్థిరపడ్డారు. అయినా పశువులను విడిచిపెట్టలేదు.

1978లో ఈ అడవి అభయారణ్యమైంది, 1983లో నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యంగా మారింది. రాష్ట్ర విభజన తరువాత తెలంగాణ భాగం అమ్రాబాద్ పేరుతో విడిగా ఏర్పడింది, దాని విస్తీర్ణం 2,611 చదరపు కిలోమీటర్లు. పులి కోసం గీసిన హద్దులు మంద నడిచే దారులకు అడ్డుపడ్డాయి. శ్రీశైలం వెళ్లేవారు మన్ననూరు చెక్‌పోస్టు దాటగానే పులి కోసం కెమెరాలు తీస్తారు. రోడ్డు దాటుతున్న పొడ ఆవుకు మాత్రం హారన్ కొడతారు.

ఇదే పొడ తూర్పుకు 2020లో జాతీయ పశు జన్యు వనరుల సంస్థ గుర్తింపు ఇచ్చింది. అలా నమోదైన తొలి తెలంగాణ ఆవు జాతి ఇదే.

[దృశ్యం: కురుమూర్తి జాతర, ఎడ్ల వరుస]

దీపావళి తరువాత జరిగే కురుమూర్తి జాతరలో కోడెలను కొనేవారు ముందు ధర అడగరు. పెదవి ఎత్తి పళ్లు లెక్కపెడతారు, గిట్ట పైకెత్తి చూస్తారు, తరువాత పలుపు పట్టుకొని నాలుగడుగులు నడిపిస్తారు. కోడె తడబడకుండా నడిస్తేనే బేరం మొదలవుతుంది.