సూడాన్ పిల్లలకు పదకొండు అట్టపెట్టెలు

(ఫోన్-ఇన్ కార్యక్రమం నుంచి. స్టూడియోలో యాంకర్‌తో పాటు, సహాయ సామగ్రి పంపిణీలో చాలాకాలం పనిచేసిన సలహాదారు ఉన్నారు.)

యాంకర్: హలో, చెప్పండి. లైన్లో ఉన్నారు.

కాలర్: నమస్కారం మేడమ్. నేను టీచర్ని. సూడాన్‌లో పిల్లలకు బడి లేదని విని మా క్లాసు పిల్లలు నోటు పుస్తకాలు, పెన్సిళ్లు, బ్యాగులు పోగేశారు. పదకొండు అట్టపెట్టెలయ్యాయి. ఎలా పంపాలో తెలియక ఒకటే టెన్షన్.

సలహాదారు: నమస్కారమమ్మా. పెట్టెలకు టేపు వేసేశారా?

కాలర్: ఇంకా లేదు సార్.

సలహాదారు: మంచిపని చేశారు. అక్కడ వాటిని ఎవరు దించుకుంటారు?

కాలర్: అంటే... ఏదో ఒక బడికి ఇస్తే చాలనుకున్నాం.

సలహాదారు: చిక్కంతా అక్కడే ఉంది. 2023 ఏప్రిల్ 15న అక్కడి సైన్యానికీ, ఆర్ఎస్ఎఫ్ అనే పారామిలిటరీ దళానికీ మధ్య యుద్ధం మొదలైంది. ఇళ్లు వదిలి వచ్చిన కుటుంబాలు చాలాచోట్ల బడి గదుల్లోనే తలదాచుకున్నాయి. మీరు ఒక బడి పేరు రాసి పంపితే, ఆ గదిలో బెంచీల బదులు పరుపులు ఉండొచ్చు. పంతులుగారు సరిహద్దు దాటి చాద్‌లోని ఆద్రె దగ్గర శిబిరంలో ఉండొచ్చు. అందుకే అక్కడ ఇప్పటికే పనిచేస్తున్న సంస్థ ఏదైనా 'మాకు ఇవి కావాలి, మేం తీసుకుంటాం' అని రాసిచ్చేదాకా పెట్టె కదలకూడదు.

యాంకర్: మరి యూనిసెఫ్ లాంటి వాళ్లు ఏం పంపుతారు సార్?

సలహాదారు: 'స్కూల్ ఇన్ ఎ బాక్స్' అని ఒక అల్యూమినియం పెట్టె. నలభై మంది పిల్లలకు, ఒక టీచరుకు సరిపోతుంది. మూత లోపలివైపు నల్లరంగు పూస్తే అదే బ్లాక్‌బోర్డు. గంటలు నేర్పడానికి చెక్క గడియారం కూడా ఉంటుంది. నాకు అన్నిటికన్నా నచ్చేది అందులోని నోటు పుస్తకం. దానికి మార్జిన్ గీత ఉండదు. ఎందుకో చెప్పండి టీచరుగారూ?

కాలర్: ఖర్చు తగ్గించడానికా?

సలహాదారు: కాదమ్మా. సూడాన్ పిల్లలు ఎక్కువగా అరబిక్‌లో చదువుతారు. కుడి నుంచి ఎడమకు రాస్తారు, పుస్తకం కూడా అటునుంచే తెరుస్తారు. మన నోటు పుస్తకంలో ఎడమవైపున్న ఎర్రగీత వాళ్లకు వాక్యం చివర అడ్డొస్తుంది. గీత లేకపోతే ఎటునుంచి రాసేవాళ్లయినా వాడుకోవచ్చు. అవసరం తెలిసినవాళ్లు చేసిన పని అలా ఉంటుంది.

కాలర్: అయ్యో, మావన్నీ ఎర్రగీతవే.

సలహాదారు: పనికిరావని కాదు. రాయడానికి ఏమీ లేనివాడు గీత చూసి ఆగడు. కానీ అంత దూరం మోసుకెళ్లే ఖర్చుతో దగ్గర్లోనే సరైనవి ఎక్కువ కొనొచ్చు కదా అన్నది చూసుకోవాలి. ఒక్కసారి పెట్టెలు విప్పి ఏరండి. సగం రాసినవి, చెక్కీ చెక్కీ వేలెడు మిగిలిన పెన్సిళ్లు, కారిపోయే జిగురు తీసేయండి. మేమూ ఒకసారి ఇలా వచ్చిన పెట్టెలు తెరిస్తే, పైన వరుస కొత్తవి, కింద పాత పరీక్ష పేపర్లు! మిలిటరీ రంగు బ్యాగులుంటే తప్పకుండా పక్కన పెట్టండి. సైనికులు తిరిగేచోట పిల్లవాడి వీపున అలాంటిది వేలాడకూడదు.

యాంకర్: ఇంకో కాలర్ ఉన్నారు. చెప్పండి సార్.

రెండో కాలర్: సార్, నేను వేరే దేశానికి ఇలాగే పార్సిల్ వేశాను. కస్టమ్స్‌లో నెలలు పడుంది, చివరికి తిరిగొచ్చింది. రెండువైపులా చార్జీ నా నెత్తినే. ఇక డబ్బే పంపమంటారా?

సలహాదారు: చాలాసార్లు డబ్బే మేలండి. తీసుకునే సంస్థ పేరు మీద దిగుమతి కాగితాలు లేకుండా పంపితే దానపు సరుకైనా గోదాంలోనే పడి ఉంటుంది. సహాయం చేసేవాళ్లు ఇలాంటి అక్కర్లేని సరుకును 'రెండో విపత్తు' అంటుంటారు. మాట కటువే గానీ, మందుల పెట్టెలు దించాల్సిన చోట మన బ్యాగులు ఉంటే ఏమనాలి?

కాలర్: సార్, నేనింకా లైన్లోనే ఉన్నాను. డబ్బంటే మా పిల్లల ముఖాలు వాడిపోతాయి. తమ చేత్తో ఇవ్వాలని వాళ్ల ఆశ.

సలహాదారు: నిజమేనమ్మా, ఆ ఆశను తీసిపారేయలేం. వాళ్లచేత బడిలోనే అమ్మకం పెట్టించండి. కొనేది తల్లిదండ్రులు, లెక్క రాసేది పిల్లలు. వచ్చిన డబ్బు ఎక్కడికి, దేనికి వెళ్లిందో రసీదు తెప్పించి గోడకు అంటించండి.

కాలర్: ఒక పాప ఉత్తరం కూడా రాసింది సార్. ఇంటి అడ్రసు వేసి, జవాబు రాయమంది.

సలహాదారు: అడ్రసు తీసేయించండి, ఫోటో పెట్టి ఉంటే అదీ తీసేయించండి. బొమ్మ వేసిమ్మనండి, దానికి అనువాదం అక్కర్లేదు. అదైనా ఎవరు తీసుకుంటారో ముందు కనుక్కోండి. ఈ రోజే ఒకట్రెండు సంస్థలకు మెయిల్ పెట్టండి, ఏమున్నాయో, ఎన్నున్నాయో రాసి. జవాబు వచ్చేదాకా టేపు జోలికి వెళ్లొద్దు.

కాలర్: సరే సార్. ఇప్పుడే లెక్కపెట్టిస్తాను.