డర్క్ కౌట్ లివర్‌పూల్ లెజెండా, కాదా?

[స్క్రీన్ మీద: ఆన్‌ఫీల్డ్ స్టేడియం. 2011 మార్చి 6. లివర్‌పూల్ 3, మాంచెస్టర్ యునైటెడ్ 1]

ఇంగ్లండ్ ఫుట్‌బాల్‌లో మాంచెస్టర్ యునైటెడ్ మీద ఒక లివర్‌పూల్ ఆటగాడు హ్యాట్రిక్ కొట్టి అప్పటికి ఇరవై ఏళ్లు దాటింది. 1990లో పీటర్ బియర్డ్‌స్లీ కొట్టాక మళ్లీ ఎవరి వల్లా కాలేదు. 2011లో నెదర్లాండ్స్ ఆటగాడు డర్క్ కౌట్ కొట్టాడు.

ఆ మూడు గోల్స్ ఎలా పడ్డాయో చూడండి. మొదటిది, సహచరుడు సువారెజ్ డిఫెండర్లను గింగిరాలు తిప్పి బంతిని గోల్ వైపు నెట్టాడు, లైన్ దగ్గర కౌట్ కాలు తగిలించాడు. రెండోది, యునైటెడ్ ఆటగాడు నాని తలతో వెనక్కి పంపిన బంతి పోయి పోయి కౌట్ దగ్గరే పడింది, తలతో లోపలికి కొట్టాడు. మూడోది, సువారెజ్ ఫ్రీకిక్‌ని గోల్‌కీపర్ వాన్ డెర్ సార్ పట్టి వదిలేశాడు, పక్కనే కౌట్ ఉన్నాడు. మూడు గోల్స్ దూరం కలిపినా పది గజాలు దాటదు.

ఫ్యాన్స్ మధ్య గొడవంతా ఇక్కడే. ఒక వర్గం, "అవి ఎవడైనా కొడతాడు భయ్యా, ఆట మొత్తం సువారెజ్‌ది" అంటుంది. ఇంకో వర్గం, "మరి అక్కడ ప్రతిసారీ కౌటే ఎందుకు ఉన్నాడు?" అని అడుగుతుంది. కౌట్ లివర్‌పూల్ వదిలేసి పదేళ్లు దాటినా ఈ వాదన ఆగలేదు. కష్టపడి ఆడిన మనిషే, గుండె పెట్టి ఆడిన మనిషే, కానీ లెజెండ్ అనొచ్చా?

[స్క్రీన్ మీద: నెదర్లాండ్స్ మ్యాప్, కాట్‌వైక్]

ముందు మనిషి సంగతి. 1980లో పుట్టాడు. ఊరు కాట్‌వైక్, నార్త్ సీ ఒడ్డున చేపల వేటకు పేరున్న ఊరు. వాళ్ల నాన్న కూడా సముద్రం మీదికి వెళ్లిన మనిషే. ఊళ్లో క్విక్ బాయ్స్ అనే చిన్న క్లబ్, అక్కడి నుంచి యూట్రెక్ట్, తర్వాత ఫెయెనూర్డ్. 2006 ఆగస్టులో లివర్‌పూల్. ఆరు సీజన్లు, 285 మ్యాచ్‌లు, 71 గోల్స్. 2012లో టర్కీకి, ఫెనర్‌బాచెకి వెళ్లిపోయాడు. నెదర్లాండ్స్ తరఫున 104 మ్యాచ్‌లు ఆడాడు.

ఇప్పుడు "కాదు" అనేవాళ్ల మొదటి అస్త్రం ట్రోఫీలు. లివర్‌పూల్‌తో కౌట్ గెలిచింది ఒక్కటే, 2012 లీగ్ కప్. నిజమే. కానీ ట్రోఫీలే కొలత అయితే ఆ కాలం ఆటగాళ్లందరి మీదా కత్తి వేలాడుతుంది. లివర్‌పూల్ కెప్టెన్ స్టీవెన్ జెరార్డ్ లీగ్ టైటిల్ ఒక్కసారి కూడా గెలవలేదు, అయినా ఆయన పేరు మీద ప్రశ్న వేసే ధైర్యం ఎవరికీ లేదు. స్ట్రైకర్ ఫెర్నాండో టోరెస్ లివర్‌పూల్‌లో ఒక్క ట్రోఫీ కూడా ఎత్తలేదు, 142 మ్యాచ్‌ల్లో 81 గోల్స్ కొట్టి చెల్సీకి వెళ్లిపోయాడు. టోరెస్ టాలెంట్ గురించి మాట్లాడేటప్పుడు మాత్రం ఎవరూ ట్రోఫీల లెక్క తీయరు.

రెండో అస్త్రం ఎన్నేళ్లు ఆడాడన్నది. ఇది కాస్త బలమైనదే. లివర్‌పూల్ డిఫెండర్ జేమీ క్యారఘర్ కూడా కష్టజీవే, ఆటలో సొగసు వెతికితే పెద్దగా దొరకదు. కానీ ఒకే క్లబ్‌కి 737 మ్యాచ్‌లు ఆడాడు. అక్కడ వాదన లేదు. కౌట్ ఆరేళ్లు. సరే, ఆరేళ్లలో 285 అంటే సీజన్‌కి సగటున 47 మ్యాచ్‌లు. లివర్‌పూల్‌కి రాకముందు డచ్ లీగ్‌లో 2001 నుంచి 2006 దాకా దాదాపు ఐదేళ్లు ఒక్క మ్యాచ్ కూడా వదలకుండా ఆడాడు. గాయమని, కండరం పట్టేసిందని, అలసటని పక్కన కూర్చోవడం ఇతనికి చేతకాలేదు.

ఇక మూడో మాట. నాకు అసలు పేచీ ఉన్నది దీనితోనే. "కష్టపడే ఆటగాడు." ఇష్టపడేవాళ్లూ ఇదే అంటారు, తీసిపారేసేవాళ్లూ ఇదే అంటారు. ఒకళ్లకి అది దండ, ఇంకొకళ్లకి అది "పాపం, చేతనైంది అంతే" అని చెప్పే పద్ధతి. ఇద్దరూ కలిసి కౌట్ ఆటను పరుగు పందెం చేసేశారు.

ఒక్కసారి ఫెయెనూర్డ్ లెక్క చూడండి. మూడు సీజన్లు, లీగ్‌లో 101 మ్యాచ్‌లు, 71 గోల్స్. 2004-05లో 29 గోల్స్‌తో డచ్ లీగ్ టాప్ స్కోరర్. లివర్‌పూల్ కోచ్ రాఫా బెనీతెస్ తెచ్చుకున్నది ఒక స్ట్రైకర్‌ని. ఊరికే పరిగెత్తే మనిషిని కాదు.

[స్క్రీన్ మీద: 4-2-3-1 బోర్డు. ముందు టోరెస్, వెనక జెరార్డ్, కుడివైపు కౌట్]

2007లో టోరెస్ వచ్చాడు. మధ్యలో స్ట్రైకర్ స్థానం ఒక్కటే. బెనీతెస్ కౌట్‌ని కుడివైపు వింగ్‌కి జరిపాడు. వేగంతో డిఫెండర్‌ని దాటేసే వింగర్ కాదు, డ్రిబ్లింగ్ అంతంతమాత్రం. బంతి మొదటి టచ్ కొన్నిసార్లు ఎంత దూరం పోయేదంటే, దాన్ని రెండో పాస్ అనుకోవాలి. మరి కుడి వింగ్‌లో ఎందుకు?

ఇక్కడ కాస్త ఆగుదాం, ఎందుకంటే గోల్స్ వీడియోల్లో ఇది కనపడదు. ఎదుటి జట్టు లెఫ్ట్ బ్యాక్ ముందుకు పోదామనుకుంటే ముందు కౌట్‌ని దాటాలి. లివర్‌పూల్ బంతి పోగొట్టుకున్న మరుక్షణం కౌట్ ఆ బ్యాక్ మీద పడేవాడు. అప్పుడు ఆ బ్యాక్ ముందుకు ఇవ్వాల్సిన పాస్ వెనక్కి ఇచ్చేవాడు, లేదా గాల్లోకి లేపేవాడు. గాల్లోకి లేచిన బంతి లివర్‌పూల్ మిడ్‌ఫీల్డర్లు మాస్కెరానోకో, షాబీ అలోన్సోకో దొరికేది. జెరార్డ్ ఆ సీజన్లలో టోరెస్ వెనక అంత స్వేచ్ఛగా తిరగగలిగాడంటే, కుడివైపు ఖాళీ అయ్యే జాగాని ఎవరో కాపలా కాస్తున్నారు కాబట్టే. క్రికెట్‌లో పాయింట్ దగ్గర మంచి ఫీల్డర్ ఆపిన పరుగులు స్కోర్‌కార్డులో రాయరు కదా, ఇదీ అలాంటిదే.

రెండో పని ఇంకా తెలివైనది. బంతి ఎడమవైపు ఉన్నప్పుడు మామూలు వింగర్ కుడి గీత దగ్గర నిలబడి చెయ్యెత్తుతాడు. కౌట్ మాత్రం దూరపు పోస్ట్ దగ్గరికి దూరేవాడు. డిఫెండర్లందరి కళ్లూ బంతి మీద, టోరెస్ మీద ఉంటాయి. వెనక నుంచి వచ్చే మూడో మనిషిని ఎవరూ లెక్కపెట్టరు. యునైటెడ్ మీద కొట్టిన గోల్స్‌ని అదృష్టం అనేవాళ్లు ఇది మర్చిపోతారు. అదృష్టం 71 సార్లు రాదు. ఆ 2010-11 సీజన్‌లో లివర్‌పూల్ టాప్ స్కోరర్ ఎవరనుకున్నారు? కౌటే.

[స్క్రీన్ మీద: యూరప్ రాత్రులు, 2007, 2008]

ఇప్పుడు పెద్ద మ్యాచ్‌లు. నా వాదన బరువంతా ఇక్కడే ఉంది.

2007 ఛాంపియన్స్ లీగ్ సెమీఫైనల్, ఆన్‌ఫీల్డ్‌లో చెల్సీతో రెండో లెగ్. మన టైంలో అర్ధరాత్రి దాటాక మొదలైంది, ఇక్కడ చూసినవాళ్లకి తెల్లవారుజాము దాకా టెన్షనే. డానియెల్ ఆగర్ గోల్‌తో లెక్క సమం, ఎక్స్‌ట్రా టైం కూడా అయిపోయింది, పెనాల్టీలు. లివర్‌పూల్ గోల్‌కీపర్ రేనా రెండు ఆపాడు. గెలిపించే పెనాల్టీకి నడిచి వెళ్లింది కౌట్. కొట్టాడు. ఏథెన్స్ ఫైనల్‌లో ఏసీ మిలాన్ చేతిలో 2-1తో ఓడిపోయారు. ఆ ఒక్క గోల్, 89వ నిమిషంలో, అదీ కౌట్‌దే.

మరుసటి సీజన్ ఇంకా విచిత్రం. 2007-08లో లీగ్ మొత్తం మీద కౌట్ గోల్స్ మూడంటే మూడు. అందులో రెండు, అదే ఊరి ప్రత్యర్థి ఎవర్టన్ గడ్డ మీద డెర్బీలో కొట్టిన పెనాల్టీలు. ఒకటి మ్యాచ్ ఆఖర్లో, ఇంజురీ టైంలో, 2-1తో గెలిపించింది. (ఆ మ్యాచ్‌లో ఫిల్ నెవిల్ మీదికి రెండు కాళ్లతో ఎగిరినందుకు కౌట్‌కి రెడ్ కార్డ్ ఇవ్వాల్సింది, అది వేరే కథ. ఎవర్టన్ ఫ్యాన్స్ ఇప్పటికీ మర్చిపోలేదు, మర్చిపోవాలని నేనూ అనను.) అదే మనిషి అదే సీజన్‌లో ఛాంపియన్స్ లీగ్‌లో, క్వాలిఫయింగ్ కలిపి, ఏడు కొట్టాడు. ప్రీక్వార్టర్స్‌లో ఇంటర్ మిలాన్ మీద ఒకటి. క్వార్టర్‌ఫైనల్‌లో ఆర్సెనల్ సొంత గ్రౌండ్‌లో ఒకటి. సెమీస్‌లో చెల్సీ మీద ఒకటి. వరసగా మూడు రౌండ్లు!

2010 ఫిబ్రవరి డెర్బీ. కిర్గియాకోస్‌కి రెడ్ కార్డ్ పడి లివర్‌పూల్ పది మందితో ఆడుతోంది. కార్నర్ వచ్చింది, కౌట్ తల తగిలింది, 1-0. 2012లో వెంబ్లీలో కార్డిఫ్‌తో లీగ్ కప్ ఫైనల్‌లో సబ్‌స్టిట్యూట్‌గా వచ్చి ఎక్స్‌ట్రా టైంలో గోల్ కొట్టాడు, తర్వాత షూటౌట్‌లో తన పెనాల్టీ కూడా కొట్టాడు. లివర్‌పూల్‌కి ఆరేళ్ల తర్వాత దక్కిన ట్రోఫీ అది.

ఇవన్నీ ఊపిరితిత్తుల బలంతో వచ్చినవి కాదు. పెనాల్టీ స్పాట్ దగ్గర పరిగెత్తే పని ఏముంది?

సరే, ఇతని మీద న్యాయమైన కేసు ఏదీ లేదా అంటే, ఉంది. ట్రోఫీల కేసు కాదు, ఇంకొకటి. 2008-09 సీజన్. లివర్‌పూల్ 86 పాయింట్లతో రెండో స్థానం, యునైటెడ్ 90తో ఛాంపియన్. లివర్‌పూల్ మొత్తం మీద ఓడింది రెండు మ్యాచ్‌లే. కానీ పదకొండు డ్రాలు. స్టోక్, ఫుల్‌హామ్, వెస్ట్‌హామ్ ఆన్‌ఫీల్డ్‌కి వచ్చి గోల్ ముందు గోడ కట్టి 0-0తో వెళ్లిపోయాయి. అలాంటి మ్యాచ్‌లో ప్రెస్ చేయడానికి, అంటే మీద పడి బంతి లాక్కోవడానికి, ఎదుటివాడి దగ్గర బంతే ఉండదు, దూరపు పోస్ట్ దగ్గర ఎనిమిది మంది నిలబడి ఉంటారు. అక్కడ కావలసింది ఒకరిని దాటేసి తాళం తీసే వింగర్. కౌట్ అది చేయలేడు. బెనీతెస్ జట్టుకి లీగ్ దక్కకపోవడంలో కుడివైపు ఆ లోటు వాటా ఉంది. కౌట్ అభిమానులు దీన్ని ఒప్పుకోరు గానీ, నాకు మాత్రం ఇదే అతని మీద ఉన్న బలమైన అభ్యంతరం.

కానీ బెనీతెస్ తర్వాత కోచ్‌గా రాయ్ హాడ్జ్‌సన్, ఆ తర్వాత కెనీ డాల్‌గ్లిష్. ముగ్గురి ఆలోచనలు మూడు రకాలు. ముగ్గురూ కౌట్‌ని ఆడించారు. జట్టు షీట్ రాసేవాడికి కనపడిందేదో టీవీ ముందు కూర్చున్నవాడికి కనపడలేదన్నమాట.

మాంచెస్టర్ యునైటెడ్ ఆటగాడు పార్క్ జీ-సంగ్‌ది కూడా ఇదే గొడవ. "మూడు ఊపిరితిత్తుల పార్క్" అని పొగిడి పొగిడి, 2010లో ఓల్డ్ ట్రాఫర్డ్‌లో మిలాన్ మీద వాళ్ల మిడ్‌ఫీల్డర్ పిర్లోని 90 నిమిషాలు ఊపిరాడనివ్వకుండా చేసిన బుర్రని మర్చిపోయారు. అయితే పార్క్ చేతిలో నాలుగు లీగ్ టైటిల్స్ ఉన్నాయి కాబట్టి వాదన కాస్త తేలికవుతుంది. కౌట్‌కి ఆ సౌకర్యం లేదు.

[స్క్రీన్ మీద: రోటర్‌డామ్, 2017 మే 14]

అదే ఫెయెనూర్డ్ సొంత ఊరు రోటర్‌డామ్‌కి వెళ్లి ఈ ప్రశ్న అడిగి చూడండి. మీ వంక వింతగా చూస్తారు. కౌట్ 2015లో ఫెయెనూర్డ్‌కి తిరిగి వచ్చాడు. ఆ క్లబ్ లీగ్ గెలిచి 18 ఏళ్లు. 2017 సీజన్ చివరికి వచ్చేసరికి ఆయాక్స్ మెడ మీదే ఉంది. ఆఖరి ముందు మ్యాచ్‌లో ఫెయెనూర్డ్ ఎక్సెల్సియర్ చేతిలో 3-0తో చిత్తయింది. ఆఖరి రోజు హెరాక్లెస్‌తో గెలిచి తీరాలి. 36 ఏళ్ల కౌట్ మొదటి నిమిషంలోనే గోల్ కొట్టాడు. తర్వాత ఇంకోటి. తర్వాత పెనాల్టీతో మూడోది. 3-1. ఒక్క పాయింట్ తేడాతో టైటిల్. మూడు రోజులకి రిటైర్మెంట్ ప్రకటించాడు.

అదే కాలు, అదే తల, అదే మొదటి టచ్. రోటర్‌డామ్‌లో విగ్రహం కట్టే స్థాయి అభిమానం, లివర్‌పూల్‌లో "మంచివాడు, కష్టపడ్డాడు". తేడా మనిషిలో లేదు, క్లబ్ అల్మారాలో ఎన్ని కప్పులు ఉన్నాయన్న దానిలో ఉంది. డాల్‌గ్లిష్, ఇయాన్ రష్, జెరార్డ్ నడిచిన చోట గీత ఎక్కడో పైన ఉంటుంది.

కాబట్టి నా తీర్పు. డాల్‌గ్లిష్, రష్, జెరార్డ్ ఉన్న మొదటి వరుసలో కౌట్ లేడు, అక్కడ కూర్చోబెట్టమని నేను అడగను. రెండో వరుసలో, యూరప్ రాత్రుల్లోనూ డెర్బీల్లోనూ క్లబ్‌ని నిలబెట్టినవాళ్ల మధ్య, కౌట్‌కి కుర్చీ ఉంది. అది లెజెండ్ వరుసే. టోరెస్‌కి ఆ వరుసలో చోటిచ్చి కౌట్‌కి ఇవ్వనివాళ్లు గోల్ అందాన్ని కొలుస్తున్నారు, దాని విలువని కాదు. ఇద్దరిలో ఒకరినే ఎంచుకోమంటే చాలామంది టోరెస్ అంటారని తెలుసు. మామూలు శనివారం లీగ్ మ్యాచ్‌కి నేనూ టోరెస్‌నే తీసుకుంటాను. సెమీఫైనల్ షూటౌట్‌కి మాత్రం కౌట్.