రెండో గ్రాఫిక్స్ కార్డు పెడితే గేమ్ వేగం ఎందుకు రెట్టింపు కాదు?

నమస్కారం. 8 జీబీ మెమరీ గల కార్డు ఉన్న కంప్యూటర్‌లో అలాంటిదే ఇంకొకటి బిగిస్తే 16 జీబీ అవుతుంది కదా అన్న ప్రశ్న నాకు ఎన్నిసార్లు ఎదురైందో లెక్క లేదు. గేముల విషయంలో కాదు. ఈ ఒక్క అపోహ వల్ల ఒక మంచి కార్డు కొనవలసిన డబ్బు రెండో కార్డు మీద ఖర్చయిపోవడం చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది.

[తెరపై: రెండు బల్లల ముందు ఇద్దరు చిత్రకారులు]

ఒక బొమ్మల కథను ఇద్దరు చిత్రకారులు గీస్తున్నారనుకోండి. బేసి పేజీలు ఒకరివి, సరి పేజీలు మరొకరివి. రెండు కార్డులను జతగా నడిపే ఏర్పాట్లను కార్డుల తయారీ సంస్థలే తెచ్చాయి. ఎన్విడియా 2004లో తెచ్చిన ఎస్ఎల్ఐ, ఏటీఐ 2005లో తెచ్చిన క్రాస్‌ఫైర్ గేముల్లో ఎక్కువగా పని చేసింది ఈ పద్ధతిలోనే. ఒక ఫ్రేమ్, అంటే తెరపై వరసగా మారే బొమ్మల్లో ఒకటి, ఈ కార్డు గీస్తే, తరువాతి ఫ్రేమ్ ఆ కార్డు గీస్తుంది. అయితే కథలోని కోట, గుర్రం, నాయకుడి ముఖం అన్ని పేజీల్లోనూ వస్తాయి కాబట్టి, ఆ నమూనా బొమ్మలన్నీ ఇద్దరి బల్లల మీదా ఉండి తీరాలి. బల్లలు రెండే, కానీ వాటి మీద ఉన్నది ఒకే సరంజామాకు రెండు ప్రతులు. అందుకే 8, 8 కలిసినా గేముకు దొరికేది 8 జీబీయే.

ఇక పేజీలు చేతికి అందే తీరు చూడండి. ఒక పేజీ 5 మిల్లీసెకన్లకు, తరువాతిది 28 మిల్లీసెకన్లకు, మళ్ళీ 5కు, మళ్ళీ 28కి వస్తే, సగటున సెకనుకు దాదాపు 60 ఫ్రేములు వచ్చినట్టే ఫ్రేములు లెక్కించే మీటరు చూపిస్తుంది. కంటికి మాత్రం కుదుపు తెలుస్తూనే ఉంటుంది. మౌస్‌ను మెల్లగా పక్కకు తిప్పుతూ ఒక స్తంభం అంచును గమనిస్తే, అది జారినట్టు కాక గెంతినట్టు కదులుతుంది. దీనినే మైక్రో స్టటర్ అంటారు. మీటరులోని అంకె కన్నా ఆ స్తంభం అంచునే నేను ఎక్కువ నమ్ముతాను.

అసలు దెబ్బ మరొక వైపు నుంచి తగిలింది. అంచుల గరుకుదనాన్ని పోగొట్టడానికి నేటి గేములు టీఏఏ వంటి పద్ధతులు వాడతాయి. అవి కొత్త ఫ్రేమును గీసేటప్పుడు వెనకటి ఫ్రేమును చూసుకుంటాయి. మన చిత్రకారుడు ఆరో పేజీ మొదలుపెట్టాలంటే, పక్క బల్ల మీది అయిదో పేజీ పూర్తయి తన దగ్గరకు రావాలి. అలా ఎదురుచూడవలసి వచ్చాక ఇద్దరున్న లాభమే పోయింది. విండోస్‌లో గేములు కార్డుతో పని చేయించుకునే సాఫ్ట్‌వేర్ డైరెక్ట్‌ఎక్స్ 12 వచ్చాక ఈ పని పంపకాన్ని గేమ్ తయారుచేసేవారే స్వయంగా రాసుకునే వీలు కలిగింది గాని, రెండు కార్డులున్న కొద్దిమంది కోసం అంత శ్రమ పడినవారు తక్కువ. 2021 జనవరి 1 నుంచి ఆర్‌టీఎక్స్ 20, అంతకు ముందు తరాల కార్డులకు కొత్త ఎస్ఎల్ఐ ప్రొఫైళ్ళు (ఒక్కో గేమును రెండు కార్డులపై నడిపే సెట్టింగులు) ఇవ్వడం ఎన్విడియా ఆపివేసింది. ఆర్‌టీఎక్స్ 4090లో రెండు కార్డులను కలిపే ఎన్‌వీలింక్ కనెక్టరే లేదు.

అలాగని రెండో కార్డు దండగ అనను. ఇద్దరు చిత్రకారుల్లో ఒకరు గీతలు మాత్రమే గీసి, రెండోవారు రంగులు మాత్రమే వేస్తే, పెన్సిళ్ళు ఒక బల్ల మీద, రంగులు మరో బల్ల మీద ఉంటే చాలు. చాట్‌జీపీటీ వంటి ఏఐ భాషా నమూనాలను సొంత కంప్యూటర్‌లో నడిపేవారు వాటి పొరలను ఇలాగే రెండు కార్డులకూ పంచుతారు. అక్కడ 8, 8 కలిసి దాదాపు 16గా పనికివస్తాయి. త్రీడీ బొమ్మలు తయారుచేసే బ్లెండర్‌లోని సైకిల్స్‌లో రెండరింగ్ (సీన్‌ను చివరి బొమ్మగా మార్చడం) వేగం బాగా పెరుగుతుంది, కానీ సీన్ మొత్తం రెండు కార్డులలోనూ పట్టాలి.

సమయం తక్కువగా ఉంది కాబట్టి బిగింపు సంగతులు త్వరగా చెబుతాను. మదర్‌బోర్డు మీద కార్డు బిగించే రెండో స్లాట్ పొడవు చూసి మోసపోకండి. టార్చి వేసి లోపలికి చూస్తే చాలా బోర్డులలో లోహపు పిన్నులు కొంత దూరం వరకే ఉంటాయి, అంటే అది ఎక్స్4 మాత్రమే, డేటా నడిచే దారులు (లేన్లు) నాలుగే. స్లాట్ ఇచ్చేది 75 వాట్లు, 8 పిన్నుల కేబుల్ ఇచ్చేది 150 వాట్లు. ఆర్‌టీఎక్స్ 3090 ఒక్కటే 350 వాట్లు తీసుకుంటుంది కాబట్టి, అలాంటివి రెండైతే ప్రాసెసర్‌ను లెక్కలోకి తీసుకోకముందే 700 అవుతాయి. పై కార్డు ఫ్యాన్లకు గాలి ఆడేంత ఖాళీ వదలండి. అంతా అయ్యాక కార్డు వివరాలు చూపే జీపీయూ-జెడ్ అనే ప్రోగ్రామ్ తెరిచి, బస్ ఇంటర్‌ఫేస్ అన్న గడిలో రెండు కార్డులకూ ఎన్ని లేన్లు వచ్చాయో చూడండి. ఖాళీగా ఉన్న కార్డు విద్యుత్తు ఆదా కోసం లింకు వేగం తగ్గించుకుంటుంది కాబట్టి, ఏదైనా పని పెట్టి, అది నడుస్తుండగానే ఆ అంకెను చదవాలి.