పెళ్లయ్యాక యూరప్‌కి: ఆ రెసిడెన్స్ కార్డుతో ఎక్కడికి వెళ్లొచ్చు, ఎన్నాళ్లు ఉండొచ్చు?

[స్క్రీన్ మీద: శంషాబాద్ ఎయిర్‌పోర్ట్ డిపార్చర్స్. ట్రాలీల మీద పెద్ద సూట్‌కేసులు, చుట్టూ బంధువులు]

నమస్తే అండీ. మన హైదరాబాద్ పెళ్లి సంబంధాల్లో ఇప్పుడు అమెరికాతో పాటు జర్మనీ, ఐర్లాండ్, నెదర్లాండ్స్ పేర్లు కూడా బాగా వినిపిస్తున్నాయి. జీతం అడుగుతాం, జాతకాలు చూస్తాం, ఇల్లు కొన్నాడా అని కూడా అడుగుతాం. అడగాల్సిన ప్రశ్నలు ఇంకో రెండు ఉన్నాయి. అబ్బాయి చేతిలో ఏ దేశం పాస్‌పోర్టు ఉంది? ఏ దేశంలో కాపురం పెట్టబోతున్నారు? పెళ్లి చేసుకుని వెళ్లే మనిషికి వీసా ఎలా వస్తుంది, ఏ కార్డు ఇస్తారు, ఆ కార్డుతో ఎక్కడెక్కడ తిరగొచ్చు, రేపు ఏదైనా తేడా వస్తే అక్కడ ఉండగలదా అన్నవన్నీ ఈ రెండు జవాబుల మీదే ఆధారపడతాయి.

అమ్మాయే అక్కడ ఉద్యోగంలో ఉండి అబ్బాయి డిపెండెంట్‌గా వెళ్తున్నా ఇవే రూల్స్. వీడియోలో నేను ఎక్కువగా వెళ్లేది అమ్మాయి అనుకుని చెప్తాను.

[స్క్రీన్ మీద: మ్యాప్. మూడు జంటలు, మూడు రంగులు]

మొదటి జంట. ఇద్దరూ ఇండియన్ పాస్‌పోర్టులే. అబ్బాయి మ్యూనిక్‌లో ఈయూ బ్లూ కార్డు మీద ఉద్యోగం చేస్తున్నాడు. ఈయూ అంటే యూరోపియన్ యూనియన్, బ్లూ కార్డు అంటే బయటి దేశాల నుంచి వచ్చిన, బాగా చదువుకున్న ఉద్యోగులకి ఇచ్చే పర్మిట్. ఇక్కడ అంతా జర్మనీ సొంత చట్టమే. అమ్మాయికి ఫ్యామిలీ రీయూనియన్ వీసా కావాలి. బ్లూ కార్డు ఉన్నవాళ్ల భార్యకి లేదా భర్తకి జర్మన్ భాష ఏ1 పరీక్ష, అంటే మొట్టమొదటి స్థాయి పరీక్ష, అవసరం లేదు. వెళ్లి కార్డు తీసుకున్నాక ఉద్యోగం కూడా చేసుకోవచ్చు, దానికి వేరే పర్మిషన్ అక్కర్లేదు.

రెండో జంట. అబ్బాయి కూకట్‌పల్లిలోనే పుట్టాడు, కానీ ఇప్పుడు జర్మన్ పౌరుడు. ఉంటున్నది జర్మనీలోనే. జర్మన్ పాస్‌పోర్టు ఉంది కదా, ఇంకా సులువు అనుకుంటారు. ఇక్కడ అమ్మాయికి మామూలుగా ఏ1 సర్టిఫికెట్ చూపించమంటారు. అవును, బ్లూ కార్డు వాళ్ల భార్యకి అక్కర్లేని పరీక్ష జర్మన్ పౌరుడి భార్యకి కావాలి. అందుకే నిశ్చితార్థం కాగానే గోథే సెంట్రమ్‌లోనో, అమీర్‌పేటలో ఏదో ఒక ఇన్‌స్టిట్యూట్‌లోనో జర్మన్ క్లాసులో చేరే అమ్మాయిలు మనకి కనిపిస్తారు. అయితే ఒక జాగ్రత్త. క్లాస్ ఎక్కడ చేరినా పర్వాలేదు, సర్టిఫికెట్ మాత్రం కాన్సులేట్ గుర్తించే పరీక్షదే అయి ఉండాలి.

మూడో జంట. అబ్బాయి ఐర్లాండ్ పౌరుడు, ఉద్యోగం జర్మనీలో. వీళ్లకి జర్మనీ ఫ్యామిలీ రూల్స్ కాదు, యూరోపియన్ యూనియన్ చట్టం వర్తిస్తుంది. దాని పేరు డైరెక్టివ్ 2004/38. ఒక సభ్య దేశం పౌరుడు ఇంకో సభ్య దేశంలో ఉంటే, వాళ్ల భార్య లేదా భర్త ఏ దేశం వాళ్లైనా సరే, వాళ్లతో పాటు ఉండే హక్కు ఆ చట్టం ఇస్తుంది. భాషా పరీక్ష లేదు. ఎంట్రీ వీసాకి ఫీజు తీసుకోకూడదు, త్వరగా తేల్చాలి. ఆ వీసా కోసం హోటల్ బుకింగులు, బ్యాంక్ స్టేట్‌మెంట్లు అడగకూడదు. మీ పాస్‌పోర్టు, పెళ్లి రుజువు, మీ ఆయన ఈయూ పౌరుడని రుజువు, ఆయనతో వెళ్తున్నారనో ఆయన దగ్గరికి వెళ్తున్నారనో రుజువు చూపిస్తే చాలు. అప్లికేషన్ సెంటర్‌కి వెళ్తే వాళ్ల సర్వీస్ చార్జ్ ఉంటుంది, నేరుగా కాన్సులేట్‌లో ఇచ్చే అవకాశమూ మీకు ఉండాలి.

వెళ్లాక మొదటి మూడు నెలలు పెద్దగా షరతులేమీ లేవు. ఆ తర్వాత కూడా ఉండాలంటే మీ ఆయన ఉద్యోగమో వ్యాపారమో చేస్తుండాలి, లేదా సరిపడా ఆదాయం, హెల్త్ ఇన్సూరెన్స్ ఉండాలి. మీరు కార్డుకి అప్లై చేసిన వెంటనే రసీదులాంటి సర్టిఫికెట్ ఇవ్వాలి, ఆరు నెలల్లోపు కార్డు ఇవ్వాలి. మామూలుగా అది ఐదేళ్ల కార్డు. ఐదేళ్లు చట్టబద్ధంగా అక్కడే ఉంటే పర్మనెంట్ రెసిడెన్స్ హక్కు వస్తుంది.

ఇప్పుడు రెండో జంటని, మూడో జంటని పక్కపక్కన పెట్టి చూడండి. జర్మన్ పౌరుడు జర్మనీలోనే ఉంటే భార్యకి ఏ1 కావాలి. అదే ఊళ్లో, పక్క ఫ్లాట్‌లో ఉన్న ఐరిష్ పౌరుడి భార్యకి అక్కర్లేదు. చాలామందికి ఇది అన్యాయంగా అనిపిస్తుంది, నాకూ అలాగే అనిపిస్తుంది. కానీ కారణం ఉంది. ఆ డైరెక్టివ్ ఉన్నది సరిహద్దు దాటి వెళ్లే పౌరుల కోసం. సొంత దేశంలోనే ఉన్నవాళ్ల కుటుంబాన్ని ఆ దేశం చట్టానికే వదిలేసింది. ఐరిష్ పౌరుడు డబ్లిన్‌లోనే ఉన్నా ఇదే సంగతి, అప్పుడు అక్కడ ఐర్లాండ్ రూల్సే.

[స్క్రీన్ మీద: లక్సెంబర్గ్, యూరోపియన్ కోర్టు భవనం. 7 జూలై 1992]

మరి సరిహద్దు దాటి వెళ్లి, మళ్లీ సొంత దేశానికి వస్తే? ఈ ప్రశ్నకి జవాబు తెచ్చిన కేసు ఒక భారతీయుడిది. కేసు పేరు సురీందర్ సింగ్. ఆయన భార్య బ్రిటిష్ పౌరురాలు. పెళ్లి 1982లో జరిగింది. 1983 నుంచి 1985 దాకా ఇద్దరూ జర్మనీలో ఉద్యోగం చేసి, వ్యాపారం పెట్టుకుందామని బ్రిటన్‌కి తిరిగొచ్చారు. తర్వాత వాళ్ల పెళ్లి చెడింది, ఆయన్ని దేశం వదిలి వెళ్లమన్నారు. కేసు లక్సెంబర్గ్ కోర్టు దాకా వెళ్లింది. పని కోసం ఇంకో సభ్య దేశానికి వెళ్లిన పౌరురాలు సొంత దేశానికి తిరిగొచ్చినప్పుడు, ఆమె భర్తకి ఇంకో సభ్య దేశంలో ఉండే హక్కుల కంటే తక్కువ ఇవ్వకూడదని 1992లో కోర్టు చెప్పింది. ఆ తీర్పు ఈరోజుకీ కుటుంబాలకి పనికొస్తోంది. అలాగని నాలుగు వారాలు పక్క దేశంలో గది తీసుకుని తిరిగొస్తే కుదరదు. మూడు నెలలకి మించి అక్కడ నిజంగా కాపురం ఉండాలని అదే కోర్టు 2014లో స్పష్టం చేసింది.

బ్రిటన్ సంగతి ఒక్క మాటలో చెప్పేస్తాను. 2020 డిసెంబర్ 31తో అక్కడ ఈయూ రూల్స్ అయిపోయాయి. కొత్తగా పెళ్లి చేసుకుని బ్రిటన్ వెళ్లేవాళ్లకి ఇప్పుడు వాళ్ల సొంత స్పౌజ్ వీసానే. 2024 ఏప్రిల్‌లో దాని ఆదాయ పరిమితిని ఏడాదికి 29,000 పౌండ్లకి పెంచారు.

[స్క్రీన్ మీద: షెంగెన్ దేశాల మ్యాప్]

ఇక తిరగడం. షెంగెన్ అంటే మధ్యలో సరిహద్దు చెకింగ్ మామూలుగా లేకుండా తిరగగలిగే యూరప్ దేశాల కూటమి. అందులో ఇప్పుడు 29 దేశాలు. బల్గేరియా, రొమేనియా 2025 జనవరి 1న పూర్తిగా చేరాయి. ఒక షెంగెన్ దేశం ఇచ్చిన రెసిడెన్స్ కార్డు ఉంటే మిగతా షెంగెన్ దేశాలకి వీసా లేకుండా వెళ్లొచ్చు, ఏ 180 రోజుల్లోనైనా 90 రోజుల దాకా. కార్డు ఇచ్చిన దేశంలో ఉన్న రోజులు ఈ లెక్కలోకి రావు. వెళ్లిన రోజు, వచ్చిన రోజు రెండూ లెక్కే. అది తిరగడానికి మాత్రమే. జర్మనీ కార్డు పెట్టుకుని ఆమ్‌స్టర్‌డామ్‌లో ఉద్యోగంలో చేరిపోతానంటే కుదరదు.

ఐర్లాండ్ ఈయూలో ఉంది, షెంగెన్‌లో లేదు. ఎక్కువమంది ఇబ్బంది పడేది ఇక్కడే. బ్లూ కార్డు వాళ్ల భార్య డబ్లిన్‌లో ఉన్న అక్కని చూడాలంటే ఐరిష్ వీసా తీసుకోవాల్సిందే. మూడో జంటలో అమ్మాయి చేతిలో ఉన్నది డైరెక్టివ్ 10వ ఆర్టికల్ కింద ఇచ్చిన కార్డు. దాని మీద "యూనియన్ పౌరుడి కుటుంబ సభ్యులు" అన్న అర్థం వచ్చే మాట రాసి ఉంటుంది. ఆ కార్డుతో, భర్తతో కలిసి గానీ భర్త దగ్గరికి గానీ వెళ్తుంటే, ఈయూలో వేరే దేశానికి వీసా అక్కర్లేదు. రెండో జంటలో అమ్మాయి భర్త కూడా ఈయూ పౌరుడే, కానీ ఆమెకి వచ్చింది జర్మన్ చట్టం కింద ఇచ్చిన కార్డు. కాబట్టి ఐర్లాండ్‌కి వీసా కావాలి. భర్తతో వెళ్తుంటే దానికి ఫీజు మాత్రం ఉండదు. డబ్లిన్‌లో ఐరిష్ భర్తతో ఉన్న మన అమ్మాయి పారిస్ చూడాలన్నా ఇదే కథ: వీసా కావాలి, ఫీజు లేదు.

శంషాబాద్ కౌంటర్‌లో ఉన్న ఎయిర్‌లైన్ స్టాఫ్‌కి ఈ తేడాలన్నీ నోటికి రావు. వాళ్ల సిస్టమ్‌లో ఏం చూపిస్తే అదే అడుగుతారు, వాళ్లని తప్పు పట్టలేం. కాబట్టి కార్డు ఒరిజినల్, పెళ్లి సర్టిఫికెట్, భర్త పాస్‌పోర్టు కాపీ, ఆయన ఎక్కడ ఉన్నారో చూపించే టికెట్ లేదా అడ్రస్ రుజువు హ్యాండ్ బ్యాగ్‌లోనే పెట్టుకోండి. చెక్-ఇన్ లగేజ్‌లో వెళ్లిపోతే టెన్షన్ మీకే.

[స్క్రీన్ మీద: సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు బోర్డు, పెళ్లి శుభలేఖ]

ఇక్కడ హైదరాబాద్‌లో చేసుకోవాల్సిన పని. గుడిలో ఇచ్చిన రసీదు, ఫంక్షన్ హాల్ బిల్లు, పెళ్లి ఆల్బమ్ ఇవేవీ సరిపోవు. ప్రభుత్వం ఇచ్చిన మ్యారేజ్ సర్టిఫికెట్ కావాలి. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ చేయించండి. అబ్బాయి సెలవు అయిపోయి ఫ్లైట్ ఎక్కేలోపే చేయించండి, ఎందుకంటే ఇద్దరూ, సాక్షులూ వచ్చి సంతకం పెట్టాలి.

పేర్ల దగ్గర మన తెలుగు వాళ్లకి ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. టెన్త్ మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరం, పాస్‌పోర్టులో పూర్తి ఇంటిపేరు, ఆధార్‌లో ఇంటిపేరు చివర. సర్టిఫికెట్ చేయించేటప్పుడు పాస్‌పోర్టులో పేరు ఎలా ఉందో అక్షరం కూడా మారకుండా అలాగే రాయించండి. పెళ్లయింది కదా అని అమ్మాయి ఇంటిపేరు మార్చాలని ఏ చట్టమూ చెప్పదు. మార్చదలుచుకుంటే అన్ని కాగితాల్లో మార్చండి, లేదా అసలు ముట్టుకోకండి. సగం సగం మార్చినప్పుడే ఫైలు ఆగుతుంది.

తర్వాత అపోస్టిల్, అంటే మన సర్టిఫికెట్ అసలుదేనని విదేశాలకి చెప్పే ప్రభుత్వ ముద్ర. ఇండియాలో ఇది 2005 జూలై నుంచి ఉంది. మామూలుగా ముందు రాష్ట్ర స్థాయిలో అటెస్టేషన్, ఆ తర్వాత విదేశాంగ శాఖ స్టాంపు. కానీ అన్ని దేశాలకీ ఇది ఒకేలా పనిచేయదు. ఇండియా అపోస్టిల్ విషయంలో జర్మనీ అప్పట్లోనే అభ్యంతరం పెట్టింది, డాక్యుమెంట్ వెరిఫికేషన్ అని వేరే పద్ధతి పెట్టుకుంది. కాబట్టి ఏజెంట్ చెప్పాడని ముందే డబ్బు కట్టకండి. మీరు వెళ్లే దేశం కాన్సులేట్ వెబ్‌సైట్‌లో లిస్టు చూశాకే కట్టండి.

[స్క్రీన్ మీద: క్యాలెండర్. ఆరు నెలలు, పన్నెండు నెలలు]

ఇప్పుడు అమ్మానాన్నలు శ్రద్ధగా వినాలి. పురుడు. ఏడో నెలలో పుట్టింటికి తెచ్చుకుంటాం, పాపకి ఐదో నెల వచ్చేదాకా పంపించం. లెక్కేస్తే ఏడు, ఎనిమిది నెలలు. జర్మనీ మామూలు రెసిడెన్స్ పర్మిట్ దేశం బయట ఆరు నెలలు దాటితే రద్దయిపోతుంది. ఎవరూ నోటీసు పంపరు, దానంతట అదే పోతుంది. ఎక్కువ రోజులు ఉండాల్సి ఉంటే బయల్దేరే ముందే అక్కడి ఫారినర్స్ ఆఫీసులో అడిగి, రాతపూర్వకంగా పర్మిషన్ తీసుకోవాలి. బ్లూ కార్డు వాళ్లకి, ఫ్యామిలీ పర్మిట్ ఉన్న వాళ్ల భార్యాపిల్లలకి ఈ గడువు 12 నెలలు.

డైరెక్టివ్ కింద వచ్చిన కార్డైతే ఏడాదికి ఆరు నెలల దాకా బయట ఉన్నా ఏమీ కాదు. గర్భం, ప్రసవం, తీవ్రమైన జబ్బు లాంటి కారణాలుంటే ఒకసారి వరుసగా 12 నెలల దాకా ఉండొచ్చని చట్టంలోనే రాసి ఉంది. డాక్టర్ కాగితాలు, హాస్పిటల్ డిశ్చార్జ్ సమ్మరీ దాచిపెట్టుకోండి.

కార్డు మీద ఉన్న ఎక్స్‌పైరీ తేదీ వేరే విషయం. ఆ తేదీ మీరు ఇక్కడ ఉండగా వచ్చేలా ఉంటే, బయల్దేరే ముందే రెన్యూవల్‌కి పెట్టుకోండి. జర్మనీలో అప్పుడు ఫిక్షన్స్‌బెషైనిగుంగ్ అనే కాగితం ఇస్తారు. అందులో 81వ సెక్షన్ నాలుగో పేరా దగ్గర టిక్ ఉంటే దానితో తిరిగి రావచ్చు. మూడో పేరా దగ్గర ఉంటే దానితో తిరిగి రాలేరు. టిక్ ఎక్కడుందో ఆఫీసు కౌంటర్ దగ్గరే చూసుకోండి.

ఇండియన్ పాస్‌పోర్టుతో ఇక్కడ పుట్టిన పాపకి విడిగా వీసా కావాలి. తల్లి కార్డు పాపకి పనిచేయదు.

[స్క్రీన్ మీద: ఏమీ లేదు. నేరుగా కెమెరాలోకి]

చివరి విషయం పెళ్లి మాటల్లో ఎవరూ ఎత్తరు. కాపురం చెడితే? కొట్టినా, తిట్టినా "కేసు పెడితే వీసా పోతుంది, ఇండియాకి పంపించేస్తారు" అని బెదిరించే భర్తలు ఉన్నారు. ఆ మాట నమ్మి ఏళ్ల తరబడి భరించే అమ్మాయిలూ ఉన్నారు. వాళ్లలో ఎవరైనా ఈ వీడియో చూస్తుంటే, అమ్మా, ఇది మీ కోసమే.

జర్మనీ చట్టంలో, దంపతులుగా అక్కడ చట్టబద్ధంగా మూడేళ్లు కలిసి ఉంటే, విడిపోయాక కూడా మీకు సొంతంగా ఉండే హక్కు ఉంది, మొదట ఒక ఏడాదికి ఇస్తారు. గృహహింస లాంటి తీవ్రమైన పరిస్థితి ఉంటే మూడేళ్లు నిండాల్సిన పని లేదు. ఈయూ డైరెక్టివ్‌లోనూ అలాంటిదే: విడాకుల కేసు మొదలయ్యేనాటికి పెళ్లయి మూడేళ్లు, అందులో కనీసం ఒక ఏడాది ఆ దేశంలో ఉండి ఉంటే హక్కు నిలుస్తుంది. హింస ఉంటే ఆ గడువు లేకుండా కూడా నిలవొచ్చు. ఆ తర్వాత మీ ఉద్యోగమో ఆదాయమో, ఇన్సూరెన్సో చూపించాలి. అందుకే నేను ప్రతి అమ్మాయికీ చెప్పేది, వెళ్లిన మొదటి ఏడాదే భాష నేర్చుకోండి, మీ పేరు మీద బ్యాంక్ ఖాతా తెరవండి, చిన్న ఉద్యోగమైనా చూసుకోండి.

మీ పాస్‌పోర్టు మీ దగ్గరే ఉండాలి. 1967 పాస్‌పోర్ట్ చట్టం ప్రకారం అది భారత ప్రభుత్వ ఆస్తి. భర్తకి గానీ అత్తమామలకి గానీ దాన్ని లాక్కుని దాచే హక్కు లేదు. లాక్కుంటే అక్కడి పోలీసులకి, మన రాయబార కార్యాలయానికి చెప్పండి. విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు, జాతీయ మహిళా కమిషన్‌లో ఎన్నారై పెళ్లిళ్ల కోసం ప్రత్యేక విభాగం ఉంది.

అమ్మాయిని ఫ్లైట్ ఎక్కించే ముందు ఆమె పాస్‌పోర్టు, వీసా, మ్యారేజ్ సర్టిఫికెట్, భర్త కార్డు కాపీ, అక్కడి అడ్రస్ అన్నీ స్కాన్ చేసి ఒక సెట్ పుట్టింట్లో పెట్టండి, ఇంకోటి ఆమె సొంత ఈమెయిల్‌లో పెట్టించండి. పాస్‌వర్డ్ ఆమెకి మాత్రమే తెలియాలి.