తడి ఇసుక బరువు, మన ఊరి తొవ్వ

సర్పంచమ్మకు, గ్రామసభకు వచ్చిన అన్నలకు అక్కలకు, మన సిరొంచ తాలూకాల అంకీస, ఆసరెల్లి దిక్కు నుంచి పని విడిచిపెట్టుకొని వచ్చినోళ్లకు నమస్కారం. మన ఊరి నడిమి నుంచి పోయే ఇసుక లారీల గురించి మాట్లాడనీకి వచ్చిన.

నేను 23 ఏండ్లు లారీ తోలిన. చంద్రపూర్ హైదరాబాద్, జగ్దల్‌పూర్ మంచిర్యాల, ఈ లైన్లన్నీ నాకు ఎరుకే. అందుకే ముందుగాలనే చెప్తున్న, లారీలు బంద్ చేయాలని చెప్పనీకి రాలేదు, డ్రైవర్లను తిట్టనీకి అసలే రాలేదు. ట్రిప్పు లెక్కన బత్తా వచ్చేటోడు ఎందుకు ఉరుకుతడో నాకు తెలుసు, నేనూ ఉరికిన.

మన చిన్నప్పుడు ప్రాణహిత దాటాలంటే పడవనే కదా, ఇప్పుడు ప్రాణహిత మీద బ్రిడ్జి ఉంది, కాళేశ్వరం కాడ గోదారి మీద బ్రిడ్జి ఉంది, పాతగూడెం దాటినంక ఇంద్రావతి మీద బ్రిడ్జి ఉంది. మంచిదే, పానం బాగలేనోళ్లను మంచిర్యాలకో వరంగల్‌కో తీసుకపోతున్నం. కానీ బ్రిడ్జిలు పెద్ద బండ్ల కోసం కట్టిండ్రు, ఇసుక రేవు నుంచి మన ఇండ్ల నడిమి నుంచి పోయే రోడ్డు మాత్రం ఎడ్లబండ్లకు, ఎస్టీ బస్సుకు, అంటే మహారాష్ట్ర సర్కారు బస్సుకు, వేసిందే. మొన్న టేపు పెట్టి కొలిచిన, డాంబర్ వెడల్పు 3.75 మీటర్లు, పల్లె రోడ్లకు పెట్టుకున్న కొలతే అది. లారీ బాడీ రెండున్నర. మిగిలింది మీటరుంపావు, దాంట్లనే సైకిలు, దాంట్లనే బర్రె, దాంట్లనే బడిపిల్లలు. ఎదురుగ ఇంకో లారీ వస్తే ఒకటి మొరంల దిగాల్సిందే, దిగిన ప్రతిసారి డాంబర్ అంచు ఇరుగుతది, వానకాలం ఆ అంచుల నుంచే నీళ్లు లోపలికి పోతయి.

రోడ్డు ఎందుకు పలుగుతదో ఒక్క లెక్క చెప్త, ఇది తెలిస్తే ఆఫీసర్ ముంగట మనం గట్టిగ మాట్లాడొచ్చు. 1958 నుంచి 1960 దాక అమెరికాల ఇల్లినాయ్ రాష్ట్రంల కావాలనే రోడ్లు వేసి, మిలిటరీ డ్రైవర్లతోని రెండేండ్లు లారీలు తిప్పి చూసిండ్రు. తేలింది ఏందంటే, ఇరుసు మీద బరువు రెండింతలైతే రోడ్డుకు దెబ్బ రెండింతలు కాదు, దగ్గర దగ్గర 16 ఇంతలు. మన దేశంల 2018ల నాలుగు టైర్ల వెనక ఇరుసు మీద 10.2 టన్నులున్న లిమిట్‌ను 11.5 చేసిండ్రు. వినటానికి టన్నుంపావే, లెక్క కడితే రోడ్డుకు దెబ్బ ఒకటిన్నర ఇంతల కంటే ఎక్కువ అయినట్టు, అదీ రూల్ ప్రకారం నింపినోనికి. ఇగ ఇసుక సంగతి చూడుండ్రి. ఆరిన ఇసుక క్యూబిక్ మీటరు 1.6 టన్నులుంటే నీళ్లు కారే తడి ఇసుక 2 టన్నుల దాక వస్తది. బాడీ నిండ అంతే కనబడతది, కానీ కాంటా ఎక్కితే తెలుస్తది. ఇరుసు మీది కమాన్ పట్టీలు బరువుకు వంపు పోయి సాపుగ అయిపోయిన బండిని చూస్తే నాకైతే కాంటా కూడ అక్కరలేదు, ఆ నీళ్లు కారుకుంట పోయిన గీత మన రోడ్డు మీద పొద్దంతా ఆరదు.

పోయిన ఆదివారం ఒక పని చేసిన. మా తమ్ముని లారీ ఇంటి ముంగట ఆపి, మూడో తరగతి చదివే నా మనుమరాలిని బడి సంచి ఏసుకొని ఎడమ దిక్కు బంపర్‌కు ఆనుకొని నిలబడమన్న. నేను డ్రైవర్ సీట్ల కూసున్న. పిల్ల కనబడలే. ముంగటికి వంగి చూసిన, అయినా నెత్తికి కట్టిన ఎర్ర రిబ్బన్ కూడ కనబడలే. "తాతా, కనబడుతున్ననా" అంటుంది, గొంతు ఇనబడుతుంది, పిల్ల లేదు. 23 ఏండ్లు తోలినోణ్ని, కిందికి దిగేసరికి కాళ్లు వణికినయ్. ఇన్నేండ్లు ఎన్ని ఊర్లల్ల ఎన్ని బడుల ముంగట హారన్ కొట్టుకుంట పోయిన్నో అని ఆ రాత్రి నిద్ర పట్టలే.

అందుకే నేను అడిగేవి రెండే, టైము, బరువు. పొద్దున బడికి పోయే గంటన్నర, సాయంత్రం వచ్చే గంటన్నర లారీలు ఊరి బయట ఆగాలె. ఇది కొత్త కోరిక కాదు, మోటారు వాహనాల చట్టంల 115 సెక్షన్ ఉంది, జనం భద్రత కోసమో రోడ్డు తీరును బట్టో ఫలానా రోడ్డు మీద బండ్లను ఆపే పవర్ ప్రభుత్వానికి, ప్రభుత్వం చెప్పిన అధికారికి ఉంటది. రెండోది కాంటా. ఓవర్‌లోడ్‌కు 20,000 రూపాయల జుర్మానా, మీదికెళ్లి ఎక్కువైన టన్నుకు 2,000, అంతేకాదు ఎక్కువైన లోడు దించినంకనే బండి కదలాలె అని 194 సెక్షన్‌ల రాసి ఉంది. జుర్మానా కట్టి అదే లోడుతోని మళ్ల మన ఊర్ల నుంచి పోతే చట్టం సగమే నడిచినట్టు, ఆ దించుడు మీదనే మనం పట్టుబట్టాలె.

మనది షెడ్యూల్డ్ ఏరియా, అంటే ఆదివాసుల కోసం సర్కారు గుర్తించిన ప్రాంతం, ఇసొంటి ప్రాంతాల గ్రామసభలకు అధికారాలిచ్చే పెసా చట్టం 1996ల వచ్చింది, దాంతోని గ్రామసభ మాటకు విలువ ఉంది, ఈ రెండు ముచ్చట్లు మరాఠీల ఠరావు, అంటే తీర్మానం, రాసి తెచ్చిన, సర్పంచమ్మ చదువుతది, ఇష్టమైనోళ్లు సంతకం పెట్టుండ్రి, వేలిముద్ర అయినా నడుస్తది. కానీ ఉత్త కాయితం పట్టుకొని పోతే ఎన్ని లారీలు, ఏ టైముకు అని అడుగుతరు. రేపు పొద్దున ఆరింటి నుంచి రాత్రి తొమ్మిది దాక బస్టాండ్ కాడ కూసొని ప్రతి లారీ నంబరు, టైము, టైర్లు రాసుకోవాలె, వారం రోజులు. పొద్దటి పూట నేను కూసుంట. సాయంత్రం బడి విడిచే టైముకు ఇద్దరు కావాలె, ఎవలొస్తరో ఇప్పుడే చేతులెత్తుండ్రి.