పాటెప్పుడన్నయ్యా? | జేమ్స్ బ్రౌన్ 'లైవ్ ఎట్ ది అపోలో' రివ్యూ

నమస్తే అండీ. ఈసారి రివ్యూకి తీసుకున్నది కొత్త ఆల్బమ్ కాదు. మా నాన్న పుట్టక ముందు రికార్డయిన ఆల్బమ్. అమెరికన్ గాయకుడు జేమ్స్ బ్రౌన్ కచేరీ రికార్డు, 'లైవ్ ఎట్ ది అపోలో'. మొత్తం కలిపి 31 నిమిషాలు. ఆఫీసుకి వెళ్ళేలోపు అయిపోతుంది, హైదరాబాద్ ట్రాఫిక్‌లో అయితే రెండుసార్లు వినొచ్చు.

ప్లే నొక్కగానే వినిపించేది పాట కాదు. ఒకాయన మైకులో అడుగుతుంటాడు, స్టార్ టైమ్‌కి రెడీగా ఉన్నారా అని. ఆయన పేరు ఫ్యాట్స్ గోండర్. తర్వాత బ్రౌన్ హిట్ పాటల పేర్లు ఒక్కొక్కటే చదువుతాడు. పేరు చెప్పీ చెప్పగానే ట్రంపెట్లు, సాక్సోఫోన్లు అన్నీ కలిసి ఒక్క దెబ్బ వేస్తాయి. తర్వాతి పేరుకి ఆ దెబ్బ శ్రుతి ఇంకో మెట్టు పైకెక్కుతుంది, జనం కేకలూ దాంతో పాటే ఎక్కుతాయి. మా చెల్లికి వినిపిస్తే నిమిషం ఓపిక పట్టి, "పాటెప్పుడన్నయ్యా?" అంది.

ఇదే పాట అని చెప్పాను. నమ్మలేదు. ఈ వీడియో సగం దాని కోసమే.

1962 అక్టోబర్ 24, బుధవారం రాత్రి. న్యూయార్క్ హార్లెమ్‌లో 125వ వీధిలో ఉన్న అపోలో థియేటర్. సుమారు 1,500 సీట్ల హాలు. బయట ప్రపంచంలో అప్పుడు క్యూబా క్షిపణుల గొడవ నడుస్తోంది. అమెరికా నౌకలు క్యూబా చుట్టూ దిగ్బంధం మొదలుపెట్టింది సరిగ్గా ఆ రోజే. అణుయుద్ధం వస్తుందేమోనని దేశమంతా టెన్షన్. లోపలేమో 29 ఏళ్ళ మనిషి ప్రేమ పోయిందని పాడుతుంటే జనం గొంతు చించుకుంటున్నారు. కేకల్లో అంత తెగింపు ఎందుకుందో ఈ తేదీ తెలిశాక నాకు కొంచెం అర్థమైనట్టనిపించింది. అది నా ఊహే, చరిత్ర అనుకోకండి.

ఈ రికార్డు అసలు వచ్చేదే కాదు. బ్రౌన్ పాటలు వేసే కింగ్ రికార్డ్స్ అధినేత సిడ్ నేథన్, డబ్బులు పెట్టనన్నాడు. ఆయన లెక్క మామూలు వ్యాపారి లెక్క: ఇందులో ఒక్క కొత్త పాట లేదు, ఉన్నవన్నీ జనం ముందే కొనేశారు, కొన్నవే మళ్ళీ ఎవడు కొంటాడు? కాదనలేం. బ్రౌన్ మాత్రం తన సొంత డబ్బు 5,700 డాలర్లు పెట్టి రికార్డు చేయించుకున్నాడు. 1963లో విడుదలైతే బిల్‌బోర్డ్ పాప్ ఆల్బమ్స్ చార్టులో 2వ స్థానం దాకా వెళ్ళింది, 66 వారాలు ఆ చార్టులోనే కూర్చుంది. రేడియో వాళ్ళు పాటలు విడదీయకుండా ఒక వైపు మొత్తం వేసేసేవాళ్ళు, మధ్యలో రికార్డు తిప్పేటప్పుడు ప్రకటనలు.

జనం కొన్నది పాటల్ని కాదు, ఆ రాత్రిని. నేథన్‌కి అర్థం కానిది ఇదే.

ఇప్పుడు ఆల్బమ్‌కి ప్రాణం లాంటి ట్రాక్. 'లాస్ట్ సమ్‌వన్'. పది నిమిషాలు దాటుతుంది, ఎల్పీలో ఒక వైపు పట్టక రెండో వైపుకి కూడా పోయింది. పాట చాలా చిన్నది, ఒక మనిషిని పోగొట్టుకున్నాను అన్నదే. బ్యాండ్ వెనకాల అదే అలని తిప్పి తిప్పి వాయిస్తుంది, అంతకు మించి కదలదు. బ్రౌన్ ఒక మాట అంటాడు, ఆగుతాడు. ఆ ఖాళీలో హాలు జవాబిస్తుంది. ఇంకో మాట, ఇంకో జవాబు. హరికథలో దాసుగారు ఒక వాక్యం దగ్గర ఆగి మన మొహాలు చూస్తారు చూడండి, 'ఊఁ' అంటేగానీ ముందుకి పోరు. అట్లాంటి ఆగడం. కాకపోతే ఇక్కడ ఊఁ కొట్టేది పదిహేను వందల మంది. తనతో పాటు కేక పెట్టమని ఆయనే అడుగుతాడు, వాళ్ళు పెడతారు. ఒక దగ్గర ఒకమ్మాయి కేక మిగతా అందరినీ దాటిపోతుంది, చుట్టూ నవ్వులు. ఆ నవ్వులు కూడా కత్తిరించకుండా ఉంచేశారు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి, మీ వెనక వరసలో ఎవరో కూర్చున్నట్టే ఉంటుంది.

నా ఉద్దేశంలో బ్రౌన్ తర్వాతి వాళ్ళకి వదిలిన పెద్ద ఆస్తి ఇదే. స్టెప్పులు కాదు. జనాన్ని కూడా ఒక వాయిద్యంలా వాయించడం. ఏ స్టేడియంలోనైనా సింగర్ మైకు జనం వైపు తిప్పుతున్నాడంటే, ఆ పద్ధతిని నల్లజాతి చర్చిల నుంచి పాప్ స్టేజీ మీదకి తెచ్చినవాళ్ళలో ఈయన ముందు వరస.

సరే, లోపాలు కూడా చెప్పాలి. మధ్యలో ఒక మెడ్లీ ఉంది, ఆరు నిమిషాల్లో బోలెడు పాటలు ముట్టుకుని వదిలేస్తాడు. స్టేజీ ముందు కూర్చున్నవాళ్ళకి పండగే, మనకి మాత్రం రుచి తెలిసేలోపు విస్తరి ఎత్తేసినట్టుంటుంది. ఇంకోటి, "ఫంక్ వినాలి" అని వచ్చినవాళ్ళు నిరాశపడతారు. ఇందులో ఫంక్, అంటే తాళమే ప్రధానమైన డాన్స్ సంగీతం, ఇంకా పుట్టలేదు. ఇది రిథమ్ అండ్ బ్లూస్, దానికి ముందు నాటి నల్లజాతి పాప్ సంగీతం. ఫంక్ రావడానికి 1965లో 'పాపాస్ గాట్ ఎ బ్రాండ్ న్యూ బ్యాగ్', 1967లో 'కోల్డ్ స్వెట్' రావాలి. అప్పుడు ఆయన గిటారుతో సహా అన్ని వాయిద్యాలనీ డ్రమ్ములుగా మార్చేశాడు. అందరూ కలిసి మొదటి దెబ్బ మీద పడాలి, దాన్ని వాళ్ళు 'ది వన్' అంటారు. తాళం నేర్చుకున్నవాళ్ళకి ఒక్క మాటలో చెప్పాలంటే, సమం. సమం మీద గట్టిగా పడు, మధ్యలో నీ ఇష్టం. బేస్ గిటార్ వాయించే బూట్సీ కాలిన్స్ పద్దెనిమిదేళ్ళప్పుడు ఈ బ్యాండ్‌లో చేరితే బ్రౌన్ ఆయనకి నేర్పిన మొదటి పాఠం అదే.

మూడో లోపం, మనిషి కనపడడు. ఆడియో కదా. దానికి మందుంది. 1964 అక్టోబర్‌లో కాలిఫోర్నియాలోని సాంటా మోనికాలో తీసిన 'టామీ షో' అనే కచేరీ సినిమా చూడండి. అందులో బ్రౌన్ వంతు 18 నిమిషాలు. ఆయన తర్వాత స్టేజీ ఎక్కాల్సింది ఎవరో తెలుసా? ఇంగ్లండ్ రాక్ బ్యాండ్ రోలింగ్ స్టోన్స్. వాళ్ళ స్థానంలో నేనుంటే కడుపు నొప్పి అని చెప్పి ఇంటికెళ్ళేవాడిని.

ఆ 18 నిమిషాల్లో కేప్ ఘట్టం ఉంది. కేప్ అంటే భుజాల మీద కప్పుకునే పొడుగు వస్త్రం. 'ప్లీజ్ ప్లీజ్ ప్లీజ్' పాడుతూ పాడుతూ బ్రౌన్ మోకాళ్ళ మీద కూలిపోతాడు. మనుషులు పరిగెత్తుకొచ్చి భుజాల మీద కేప్ కప్పి, లేపి, మెల్లగా పక్కకి తీసుకెళ్తుంటారు. అయిపోయింది పాపం అనుకునేలోపు కేప్ విదిలించి పారేసి మైకు దగ్గరకి ఉరుకుతాడు. మళ్ళీ కూలడం, మళ్ళీ కప్పడం. తర్వాతి దశాబ్దాల్లో ఈ కేప్ కప్పే పని డానీ రే అనే ఆయనది, అదే ఆయన ఉద్యోగం. ఈ ఆలోచన ఎక్కడిదంటే, గార్జియస్ జార్జ్ అనే కుస్తీ వస్తాదు టీవీలో మెరిసే అంగీ వేసుకుని బరిలోకి వచ్చేవాడు, అక్కణ్ణుంచి.

మా అమ్మమ్మకి ఈ క్లిప్ చూపించాను. ఇంగ్లీషు రాదు. మొదటిసారి కూలినప్పుడు, "అయ్యో, ఏమైంది ఆ అబ్బాయికి? మంచినీళ్ళివ్వండ్రా!" అంది. రెండోసారి కూలినప్పుడు ఏమీ అనలేదు. మూడోసారికి నవ్వేసి, "దొంగవెధవ, ఏం చేస్తున్నాడే!" అంది. కానీ ఫోన్ మాత్రం నా చేతికివ్వలేదు.

ఇంతకంటే బాగా రివ్యూ నేను రాయలేను. నటన అని తెలిసిపోయాక కూడా పట్టు సడలకపోవడం, అందులో ఉంది విద్య. అదుపు తప్పినట్టు కనిపించే ప్రతి క్షణం వెనక గట్టి అదుపు ఉండేది. బ్యాండ్ వాళ్ళు స్వరం తప్పితే జరిమానా. బూట్లు మెరవకపోతే జరిమానా. డాన్స్ చేస్తూనే తప్పు చేసినవాడి వైపు అరచెయ్యి తెరిచి మూసేవాడు, ఒక్కసారి తెరిస్తే ఐదు డాలర్లు. చూసేవాళ్ళకి అదీ డాన్సే.

ఈ మాట చెప్తే కొందరు "అదీ క్రమశిక్షణంటే" అని చప్పట్లు కొడతారు. నేను కొట్టలేను. 1970లో ఈ పద్ధతి, జీతాల గొడవ పడలేక బ్యాండ్‌లో చాలామంది తిరగబడి వెళ్ళిపోయారు, ఆ ఖాళీలోకే బూట్సీ వచ్చాడు. క్లైడ్ స్టబుల్‌ఫీల్డ్ అనే డ్రమ్మర్ బ్రౌన్ పాట 'ఫంకీ డ్రమ్మర్'లో వాయించిన కొన్ని క్షణాల ముక్కని హిప్ హాప్ వాళ్ళు లెక్కలేనన్ని పాటల్లో కోసి వాడుకున్నారు, పబ్లిక్ ఎనిమీ బృందం 1989 నాటి 'ఫైట్ ది పవర్'తో సహా. ఆ వాడకాల వల్ల ఆయన చేతికొచ్చింది దాదాపు ఏమీ లేదు. బ్రౌన్ ఇంట్లో ఆడవాళ్ళని కొట్టిన కేసులు కూడా ఉన్నాయి. స్టేజీ మీద గొప్పతనం ఇవేవీ కడిగెయ్యదు.

ప్రభావం అన్నాం కాబట్టి ఒక పేరు చెప్పక తప్పదు. మైఖేల్ జాక్సన్. 1968లో మోటౌన్ రికార్డు కంపెనీ ఆడిషన్‌లో తొమ్మిదేళ్ళ వాడు పాడి ఆడింది బ్రౌన్ పాటకే. తనకి ఆరేళ్ళప్పుడు, టీవీలో బ్రౌన్ వస్తే ఎంత రాత్రయినా అమ్మ నిద్ర లేపేదని బ్రౌన్ సంతాప సభలో చెప్పాడు. ఇప్పుడు ఎనభైల్లో మన తెలుగు సినిమా గుర్తు తెచ్చుకోండి. చిరంజీవి బ్రేక్ డాన్స్ చేస్తుంటే హాల్లో ఈలలు. ఆ పిచ్చి మన దాకా రావడంలో జాక్సన్ వీడియో క్యాసెట్ల వాటా ఎంతో ఉంది. జాక్సన్‌కి గురువెవరు? ఊళ్ళో టూరింగ్ టాకీస్‌లో ఈల వేసిన కుర్రాడికి హార్లెమ్‌లో ఒక థియేటర్ ఉందని తెలియదు. తెలియక్కర్లేదు కూడా.

ఆల్బమ్ పక్కన పెట్టి ఇంకో రాత్రి గురించి చెప్పాలి. 1968 ఏప్రిల్ 5, బోస్టన్. ముందు రోజు మెంఫిస్‌లో నల్లజాతి హక్కుల నాయకుడు మార్టిన్ లూథర్ కింగ్‌ని కాల్చి చంపారు. నగరాలు తగలబడుతున్నాయి. బోస్టన్ గార్డెన్‌లో బ్రౌన్ షో ఉంది. రద్దు చేస్తే గొడవ, చేయకపోతే భయం. చివరికి మేయర్ కెవిన్ వైట్ షో జరగనిచ్చి, స్థానిక టీవీలో లైవ్ పెట్టించాడు, జనం ఇళ్ళల్లోనే కూర్చుంటారని. టికెట్లు కొన్నవాళ్ళు వాపసు ఇచ్చారు, హాలు చాలావరకు ఖాళీ. తన నష్టం సంగతి బ్రౌన్ గట్టిగానే బేరమాడాడు, ఆ మనిషి డబ్బు దగ్గర ఎప్పుడూ మెత్తబడడు. షో చివర్లో కుర్రాళ్ళు స్టేజీ ఎక్కడం మొదలుపెట్టారు. పోలీసులు వాళ్ళని కిందకి నెట్టారు. అక్కడ ఒక్క తప్పడుగు పడితే చాలు. బ్రౌన్ పాట ఆపాడు. పోలీసుల్ని వెనక్కి తగ్గమన్నాడు, కుర్రాళ్ళతో మాట్లాడాడు, మర్యాదగా దిగమన్నాడు, షో పూర్తి చేయనివ్వమన్నాడు. దిగారు. డ్రమ్మర్‌కి సైగ చేశాడు, పాట మళ్ళీ మొదలైంది. మిగతా నగరాలతో పోలిస్తే బోస్టన్ ఆ రాత్రి ప్రశాంతంగానే గడిచింది.

ఆ ఫుటేజ్ చూసినప్పుడు నాకు 'లాస్ట్ సమ్‌వన్' గుర్తొచ్చింది. అదే ఆగడం, అదే ఖాళీ. ఆరేళ్ళ ముందు ఆ ఖాళీలో అమ్మాయిల కేకలు వచ్చాయి. ఇక్కడ ఏం వస్తుందో ఆయనకీ తెలియదు, అయినా ఆగాడు.

కొత్తగా వినేవాళ్ళు అపోలోతో మొదలుపెట్టండి, ఒక్క పాట తీసి వినకండి, 31 నిమిషాలూ ఒక్క బిగిన. ఫంకే కావాలంటే 1971 పారిస్ ఒలింపియా కచేరీ వెతకండి. రికార్డయిన ఇరవై ఒక్క ఏళ్ళకి, 1992లో బయటికొచ్చింది. బూట్సీ బేస్ గిటార్ వింటే కుర్చీలో కుదురుగా కూర్చోలేరు. రేటింగ్ అడుగుతారుగా, మెడ్లీకి అర మార్కు కోసి ఐదుకి నాలుగున్నర.

2006 క్రిస్మస్ రోజున బ్రౌన్ పోయాడు. మూడు రోజుల తర్వాత ఆయన దేహాన్ని అపోలోకే తెచ్చారు, అదే స్టేజీ మీద ఉంచారు. 125వ వీధి పొడుగునా జనం గంటల తరబడి క్యూ కట్టారు. లోపల స్పీకర్లలో ఆయన పాటలే.

మా చెల్లి నిన్న మళ్ళీ హెడ్‌ఫోన్స్ అడిగి తీసుకుంది. "ఆ మొదట్లో మాట్లాడేది స్కిప్ చెయ్యకు" అన్నాను. "చెయ్యట్లేదులే, అదే వింటున్నా" అంది.