నాలుగు గోడల హాస్యం, వెండితెర

సభకు నమస్కారం.

టెలివిజన్‌లో ఆదరణ పొందిన హాస్య ధారావాహికలను సినిమాలుగా తీయడం 1970లలో బ్రిటిష్ చిత్ర పరిశ్రమకు పెద్ద ఆసరాగా నిలిచింది. హాలీవుడ్ పెట్టుబడులు తగ్గిపోయిన ఆ కాలంలో, భయానక చిత్రాలకు పేరుపడ్డ హ్యామర్ సంస్థ సైతం 1971లో ‘ఆన్ ది బసెస్’ తీసి ఘనవిజయం సాధించింది. అయితే అరగంట కథను గంటన్నరకు పెంచవలసి వచ్చేసరికి చాలామంది రచయితలు పాత్రలను విహారయాత్రకు పంపడమే మార్గమనుకున్నారు. 1977లో వచ్చిన ‘ఆర్ యు బీయింగ్ సర్వ్‌డ్?’ చిత్రంలో డిపార్ట్‌మెంట్ స్టోర్ సిబ్బంది స్పెయిన్ వెళతారు. కౌంటర్ల మధ్య హోదాల రాపిడిలో పుట్టే నవ్వు సముద్రతీరంలో ఎలా పుడుతుంది?

ఒకరినొకరు తప్పించుకోలేని మనుషులు, విడిచి వెళ్లలేని చోటు: ఈ రెండింటి మీదే సిట్‌కామ్, అంటే ఇలాంటి హాస్య ధారావాహిక, నిలుస్తుందని నా అభిప్రాయం. ఆ చోటును వదిలితే హాస్యం పలచబడుతుంది, వదలకపోతే సినిమాకు విస్తృతి రాదు. ఈ చిక్కును నాకు తెలిసినంతలో అందరికంటే తెలివిగా విప్పిన చిత్రం 1979 నాటి ‘పారిడ్జ్’.

డిక్ క్లెమెంట్, ఇయన్ లా ఫ్రెనే రాసిన, ఆ చిత్రానికి మూలమైన అదే పేరుగల ధారావాహిక 1974 నుంచి 1977 వరకు బీబీసీలో ప్రసారమైంది. కల్పిత స్లేడ్ జైలులో పాత నేరస్థుడు ఫ్లెచర్‌గా రానీ బార్కర్, తొలిసారి జైలుకు వచ్చిన యువకుడు గాడ్బర్‌గా రిచర్డ్ బెకిన్‌సేల్ నటించారు. కఠినుడైన అధికారి మకాయ్ కళ్లుగప్పి చిన్నచిన్న విజయాలు సాధించడమే ఫ్లెచర్ బతుకు.

క్లెమెంటే స్వయంగా దర్శకత్వం వహించిన సినిమాలో, ఖైదీలకూ ప్రముఖుల జట్టుకూ జరిగే ఫుట్‌బాల్ పోటీని అడ్డం పెట్టుకొని ఓక్స్ అనే ఖైదీ పారిపోతాడు. తమ ఇష్టంతో పనిలేకుండానే ఫ్లెచర్, గాడ్బర్ అతనితోపాటు బయటపడతారు. పారిపోయినవారిగా లెక్కకు వస్తే శిక్ష పెరుగుతుంది గనుక, ఎవరూ గమనించకముందే మళ్లీ జైల్లోకి దొంగతనంగా చొరబడటమే వారికి మిగిలిన దారి. ఎంత చక్కని ఊహ! కథ గోడ దాటింది, కాని పాత్రల ఆరాటమంతా ఆ గోడ వైపే ఉంది. బయటి ప్రపంచం వారికి స్వేచ్ఛగా కాక ప్రమాదంగా కనిపించడంతో, ధారావాహిక మూలసూత్రం చెక్కుచెదరకుండానే సినిమాకు అవసరమైన పరుగు, ఉత్కంఠ దక్కాయి.

అగ్నిప్రమాదం వల్ల ఖాళీ అయిన చెల్మ్స్‌ఫర్డ్ జైలులో చిత్రీకరణ జరిగింది. టెలివిజన్ సెట్‌లో లేని చలి, బరువు ఆ నిజమైన గోడలు తెచ్చాయి. స్టూడియో ప్రేక్షకుల నవ్వు లేకపోవడం వల్ల కొన్ని సంభాషణలు వెలవెలబోయిన మాట నిజమే. కాని ఆ నిశ్శబ్దమే బెకిన్‌సేల్ నటనలోని మృదుత్వాన్ని దగ్గరగా చూపింది. చిత్రం విడుదల కాకముందే, 1979 మార్చిలో, 31 ఏళ్ల వయసులో ఆయన కన్నుమూశారు.